నిరుడు నేను చదివి, అమ్మకు చెప్పిన ప్రేమకథలు

"గత ఏడాది మీరు చదివిన ఈ కాలపు ప్రేమ నవలల్లో, ఇతర ఫిక్షన్‌లో బాగా నచ్చినవి ఏవి? ఇంగ్లీషు నవలలు నాకు పెద్దగా అలవాటు లేవు, దేనితో మొదలుపెట్టమంటారు?" అని అడిగారు. నాలుగు పేర్లు రాసి ఊరుకోవచ్చు. కానీ నిరుడు నేను చదివిన పద్ధతే వేరుగా జరిగింది. అది చెప్పకుండా ఎందుకు నచ్చాయో చెప్పలేను.

నవంబరులో మా అమ్మకు కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. డిసెంబరులో ఎడమ కన్ను. నాకు ఇంటినుంచి పనిచేసే వీలుంది కాబట్టి ఆ రెండు నెలలూ తెనాలిలోనే ఉండిపోయాను. పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దు, వంగొద్దు, తలమీద నీళ్ళు పోసుకోవద్దు అని డాక్టరుగారు చెప్పిన జాగ్రత్తలన్నీ అమ్మ ఓపిగ్గా పాటించింది. కొత్త అద్దాలు మాత్రం అన్నీ కుదురుకున్నాకే రాస్తామన్నారు. పాత అద్దాలు పనికిరావు. పేజీ తెరిస్తే అక్షరాలు అలికేసినట్టు కనిపించేవి. అది తట్టుకోలేకపోయింది. వీక్లీల్లో సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, బైండు చేయించుకున్న తరం ఆమెది. చదవకుండా ఒక్క మధ్యాహ్నం గడిపి ఎరగదు.

మొదటి వారం యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' పైకి చదివి వినిపించాను. జయంతి, రాజశేఖరం, వనితా విహార్ అమ్మకు నోటికి వచ్చు. నేను పేజీ తిప్పేలోగా తర్వాతి మాట తనే అనేసేది. రెండో వారం, "ఇవి నాకు తెలిసినవేగా, నువ్వు రాత్రిళ్ళు ఆ ఫోనులో చదివేవి ఏమిటో అవి చెప్పు" అంది. రెండు రకాల చుక్కల మందుకీ మధ్య కాసేపు కళ్ళు మూసుకుని పడుకోవాలి. ఆ కాసేపుతో మొదలైంది. తర్వాత భోజనమయ్యాక గంట, కరెంటు పోతే ఇంకో గంట.

కథ నోటితో చెప్పడం మొదలుపెట్టాక నాకు ఒకటి తెలిసివచ్చింది. రాత్రి ఏకబిగిన చదివించిన కొన్ని నవలలు మర్నాడు అమ్మకు చెబుతుంటే పది నిమిషాల్లో అయిపోయేవి. "ఊఁ, తర్వాత?" అంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. కొన్ని మాత్రం చెప్పేకొద్దీ చిక్కబడేవి. కింద రాస్తున్నవి ఆ రెండో రకం. ముగింపులు బయటపెట్టను.

అన్నిటికన్నా ముందు కిరణ్ దేశాయ్ రాసిన 'ది లోన్లీనెస్ ఆఫ్ సోనియా అండ్ సన్నీ'. 2025లో వచ్చింది, ఇంగ్లీషు నవలలకిచ్చే పెద్ద బహుమతి బుకర్, ఆ ఏడాది దాని తుది జాబితాలో నిలిచింది. 2006లో బుకర్ గెలిచిన నవల తర్వాత ఆమె రాసిన నవల ఇదే. దాదాపు ఏడువందల పేజీలు. కాలం 1990ల చివర, 2000ల మొదలు. సోనియా అమెరికాలో, వెర్మాంట్‌లోని కాలేజీలో చదువుకుంటూ ఉంటుంది. చుట్టూ మంచు. సెలవుల్లో అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతే తను మిగిలిపోయి, ఫోనులో ఏడుస్తుంది. అలహాబాదులో ఉన్న ఆమె తాతయ్య, నానమ్మలకు ఆ ఏడుపు అర్థం కాదు. ఇల్లంతా మనుషులతో నిండి ఉండే చోట ఒంటరితనం అనేది ఒక జబ్బని వాళ్ళకు తోచదు. అయితే మందు మాత్రం వాళ్ళకు తెలుసు, పెళ్ళి! తెలిసినవాళ్ళ మనవడు సన్నీ న్యూయార్కులో జర్నలిస్టు. అతనికి సంబంధం కలుపుతూ ఉత్తరం పంపిస్తారు.

ఇక్కడికి రాగానే అమ్మ లేచి కూర్చుంది. బయోడేటాలు, ఫొటోలు, "అబ్బాయి అమెరికాలో ఉన్నాడు" అనే మాట మన ఇళ్ళలో ఎంత మామూలో చెప్పక్కర్లేదు. కానీ ఆ సంబంధం కుదరదు. సన్నీకి అప్పటికే అక్కడో అమెరికన్ అమ్మాయి ఉంది. సోనియా తనకంటే చాలా పెద్దవాడైన ఒక చిత్రకారుడి చేతుల్లో పడి నలిగిపోతూ ఉంటుంది. ఎన్నాళ్ళకో, రాత్రి ప్రయాణం చేసే ఒక రైల్లో ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. పెద్దవాళ్ళు ఒకప్పుడు కుదర్చాలని చూసి వదిలేసిన సంబంధం కదా, ఆ సిగ్గు ఇద్దరికీ ఉంటుంది.

"అంత చదువుకున్న పిల్ల ఆ బొమ్మలాయనలో ఏం చూసి వెళ్ళిందే?" అని అడిగింది అమ్మ. "మాట్లాడే మనిషి కనిపించాడు, అంతే" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, కళ్ళు మూసుకునే, "మీ నాన్న పోయిన కొత్తల్లో, పొద్దున్నే పాలు పోసే అబ్బాయి ఇంకో రెండు నిమిషాలు నిలబడితే బాగుండును అనిపించేది" అంది. నాన్న పోయి ఆరేళ్ళయింది. నేను రోజూ ఫోను చేస్తూనే ఉన్నాను. ఈ మాట ఒక్కసారీ నాతో అనలేదు. నేనూ అడగలేదు. ఇంత పెద్ద నవలలో లోపాలు లేకపోలేదు, మధ్యలో కథ చాలా పక్కదారులు పడుతుంది, మాయలూ తాయెత్తులూ వచ్చేచోట నాకు కాస్త పట్టు జారింది. అయినా మా ఇంట్లో ఆ మాట పలికించిన పుస్తకం ఇది. నిరుటి పుస్తకాల్లో నా మొదటి ఓటు దీనికే.

తర్వాత శాలీ రూనీ నవల 'ఇంటర్‌మెట్జో', 2024లో వచ్చింది. ఐర్లండు కథ. తండ్రి చనిపోయిన ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు పీటర్ డబ్లిన్‌లో లాయరు. చిన్నవాడు ఐవన్‌కు 22 ఏళ్ళు, పోటీల్లో ఆడే చెస్ ఆటగాడు. ఒక చిన్న ఊళ్ళో ఒకేసారి పదిమందితో చెస్ ఆడే ప్రదర్శనకు వెళ్తాడు. అక్కడి కళాకేంద్రంలో పనిచేసే మార్గరెట్ పరిచయం అవుతుంది. ఆమెకు 36. తాగుడుకు బానిసైన భర్త నుంచి విడిగా ఉంటోంది.

చెస్ ఆడే హీరో అనగానే అమ్మకు యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల' గుర్తొచ్చింది. మీకూ గుర్తొచ్చే ఉంటుంది. రేవంత్‌కు ఫోను చేసి, తన నంబరు కనుక్కోమని పజిళ్ళు ఇచ్చే రమ్యను మన తెలుగువాళ్ళు ఎవరు మరిచిపోతారు? ఆ రెండు నవలల మధ్య తేడా చెప్పడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. అక్కడ ప్రేమ ఒక పజిలు, విప్పుకుంటూ వెళ్ళాలి. ఇక్కడ దాచిందేమీ లేదు, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమని మొదట్లోనే తెలిసిపోతుంది. చిక్కంతా ఊరితో, ఇంట్లోవాళ్ళతో.

"పద్నాలుగేళ్ళు పెద్దదా?" అంది అమ్మ. నేను గట్టిగా వాదించడానికి సిద్ధమయ్యాను. అవసరం పడలేదు. "మా పెద్దమ్మకూ పెదనాన్నకూ పదిహేనేళ్ళు తేడా. పెద్దవాడు ఆయన కాబట్టి ఎవరూ లెక్కపెట్టలేదు" అంది. తర్వాత, "ఆ మార్గరెట్ వాళ్ళమ్మ ఎవరి వైపు?" అని అడిగింది. అల్లుడి వైపే అన్నాను. "అదీ. ఊళ్ళోవాళ్ళు కాదు, అది నొప్పి" అంది. నేను రాత్రి చదివినప్పుడు ఆ తల్లిని పట్టించుకోనేలేదు. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆ పేజీలు చదివాను.

ఒక జాగ్రత్త. పీటర్ భాగాలు తెగిపోయిన వాక్యాలతో ఉంటాయి. నిద్ర పట్టని మనిషి తలలో మాటలు తిరిగినట్టు. సంభాషణలకు కొటేషన్ గుర్తులు కూడా ఉండవు. ఇంగ్లీషు నవలలు అలవాటు లేవన్నారు కాబట్టి ఇది మొదటి పుస్తకంగా వద్దు. మూడోదిగానో నాలుగోదిగానో పెట్టుకోండి. అన్నదమ్ములు తండ్రి గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోలేకపోవడం ఇందులో ఉన్నంత నిజంగా ఈ మధ్య నేనెక్కడా చదవలేదు.

మొదటి పుస్తకం అంటే నేను చెప్పేది డేవిడ్ నికల్స్ రాసిన 'యు ఆర్ హియర్'. ఇదీ 2024దే. మార్నీకి 38, లండన్‌లో ఒంటరిగా ఉంటూ ఇంట్లోనే కూర్చుని ఇతరుల రాతప్రతుల్లో తప్పులు దిద్దే పని చేస్తుంది. మైకేల్‌కు 42, భూగోళం చెప్పే మాస్టారు, భార్య విడిపోయింది. ఇద్దరికీ స్నేహితురాలైన ఒకామె నడక యాత్ర పెట్టి వీళ్ళను కలుపుతుంది. ఇంగ్లండుకు పడమటి తీరంలోని సెయింట్ బీస్ నుంచి తూర్పు తీరంలోని రాబిన్ హుడ్స్ బే దాకా ఆ దారి నిజంగానే ఉంది. ఆల్‌ఫ్రెడ్ వెయిన్‌రైట్ 1973లో పుస్తకం రాసి ఆ దారిని అందరికీ తెలిసేలా చేశాడు. సుమారు 190 మైళ్ళు, అంటే మూడువందల కిలోమీటర్లు దాటి. ఈ ఒడ్డున సముద్రంలో బూట్లు తడిపి, ఒక గులకరాయి జేబులో వేసుకుని, ఆ ఒడ్డున సముద్రంలో వదలడం అక్కడి ఆనవాయితీ.

ఆ గులకరాయి సంగతి అమ్మకు ఎంత నచ్చిందో! మొక్కు లాంటిదే కదా అంది. ఆమె పెళ్ళయిన కొత్తలో నాన్నతో కలిసి అలిపిరి నుంచి తిరుమల నడిచి ఎక్కిందట. పెళ్ళయి నాలుగు నెలలైనా అత్తగారి ఇంట్లో ఇద్దరూ పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు, ఆ మెట్ల మీదే మాట్లాడుకున్నాం అంది. "మొహం చూసుకోనక్కర్లేదు కదా. ఇద్దరూ మెట్టు చూస్తూ మాట్లాడచ్చు." నికల్స్ నవలకు ఇంతకన్నా మంచి సమీక్ష నాకు దొరకలేదు. మార్నీ, మైకేల్ కూడా అలాగే వానలో, బురదలో, ఎదుటి దారి చూస్తూ తమ తమ విరిగిపోయిన పెళ్ళిళ్ళ గురించి కొద్దికొద్దిగా బయటపెడతారు. అధ్యాయాలు చిన్నవి. ఒకటి ఆమె వైపు నుంచి, ఒకటి అతని వైపు నుంచి. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చినా రాత్రి నాలుగు చదవగలరు. నవ్విస్తుంది కూడా.

అచ్చమైన రొమాన్స్ కావాలంటే ఎమిలీ హెన్రీ 'ఫన్నీ స్టోరీ'. డాఫ్నీతో పెళ్ళి కుదిరిన పీటర్, తన చిన్ననాటి స్నేహితురాలు పెట్రాయే కావాలని తేల్చుకుని ఆమెను వదిలేస్తాడు. దిక్కుతోచని డాఫ్నీ, ఆ పెట్రా వదిలేసిన మైల్స్ ఇంట్లోనే అద్దెకు చేరుతుంది. చివర ఎలా ఉంటుందో మొదటి పేజీలోనే తెలుసు. అయినా హాయిగా చదివించింది, ఎందుకంటే డాఫ్నీ పిల్లల లైబ్రేరియన్. ఆ ఉద్యోగం మీద ఆమెకున్న ప్రేమ నాకు మైల్స్ మీద ప్రేమకన్నా ఎక్కువ నచ్చింది. ఒక్క రోజులో అమ్మకు చెప్పేశాను.

చివరగా ప్రేమ నవల కానిది ఒకటి. మీరు ఫిక్షన్ అని కూడా అడిగారు కాబట్టి రాస్తున్నాను. బాను ముష్తాక్ కన్నడ కథల ఇంగ్లీషు సంపుటం 'హార్ట్ ల్యాంప్'. అనువాదం దీపా భస్తి. ఇంగ్లీషులోకి అనువాదమైన పుస్తకాలకిచ్చే ఇంటర్నేషనల్ బుకర్ 2025లో దీనికే వచ్చింది. కథల సంపుటానికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి, కన్నడ పుస్తకానికీ అదే మొదలు. పన్నెండు కథలు, ముప్పై ఏళ్ళకు పైగా కాలంలో రాసినవి. పేరు పెట్టిన కథకు కన్నడ మూలం 'ఎదెయ హణతె'. హణతె అంటే మన ప్రమిద. మెహరున్ భర్త వేరే ఆమె వెంట పడితే, చంటిపిల్లను ఎత్తుకుని పుట్టింటికి వస్తుంది. అన్నదమ్ములు పరువు పోతుందని అదే రోజు వెనక్కి తీసుకెళ్ళి దింపేస్తారు. ఆ రాత్రి కిరోసిన్ దగ్గరికి వెళ్ళిన తల్లిని పెద్దకూతురు సల్మా అడ్డుకుంటుంది.

ఈ కథ చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చెప్పాక అమ్మ కథ గురించి ఒక్క మాట అనలేదు. "ఆ పిల్లకు ఎన్నేళ్ళు?" అని మాత్రం అడిగింది. ప్రేమకథల మధ్యలో దీన్ని చదవమని గట్టిగా చెబుతాను. పెళ్ళితో కథ కంచికి వెళ్ళే పుస్తకాలు ఎన్ని చదివినా, పుట్టింటి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడపిల్ల ఎవరి కథలోకి వస్తుందో కూడా తెలియాలి కదా.

మీకు వరస కావాలంటే: మొదట 'యు ఆర్ హియర్', ఆపైన 'ఫన్నీ స్టోరీ', 'హార్ట్ ల్యాంప్' నుంచి వారానికి ఒక కథ, తర్వాత 'ఇంటర్‌మెట్జో'. సెలవులు దొరికినప్పుడు 'సోనియా అండ్ సన్నీ' పట్టుకోండి. తెలియని మాట కనిపించిన ప్రతిసారీ డిక్షనరీ తీయొద్దు. పేరా మొత్తం చదివితే అర్థం అందుతుంది. రాత్రి చదివింది పొద్దున్న ఎవరికైనా తెలుగులో చెప్పి చూడండి. నాకు ఇంగ్లీషు నవలలు నిజంగా వంటబట్టింది అలాగే.

నాకూ ఒక సాయం కావాలి. నలభై, యాభై దాటినవాళ్ళ ప్రేమ మీద తెలుగులో ఈ మధ్య వచ్చిన నవలలు మీకు తెలిస్తే పేర్లు చెప్పండి. "ఇంగ్లీషువాళ్ళకేనా, మనవాళ్ళు రాయలేదా?" అని అమ్మ మార్నీ కథ విన్న రోజు నుంచీ అడుగుతోంది. పోయిన నెలలో కొత్త అద్దాలు వచ్చాయి. అక్షరాలు మరీ చిన్నవి కాకపోతే తనే చదువుకుంటుంది.