డాక్ సంగతి తర్వాత, ముందు ఆ హార్డ్ డిస్కు తియ్యండి

ఇక్కడికి, అంటే విదేశానికి, కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఉద్యోగంలో కాస్త కుదురుకోగానే అడిగేది ఇదే: "అన్నా, మంచి మ్యూజిక్ సిస్టం పెడదామనుకుంటున్నా, ఏ డాక్ కొనమంటావ్?" డాక్ అంటే కంప్యూటర్లోని డిజిటల్ పాటని స్పీకర్లకి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె. నేనైతే ముందు మీ పాటల డిస్కు చూపించమంటాను.

మనవాళ్ళందరి దగ్గరా అలాంటి డిస్కు ఒకటి ఉంటుంది కదా, కాలేజీ రోజుల నుంచి చేతులు మారుతూ కాపీ అవుతూ వచ్చింది. నా దాంట్లో ఒక ఫోల్డర్ నిండా ఫ్లాక్ (పాటలో ఏమీ పోకుండా దాచే ఫార్మాట్) ఫైళ్ళే, ఒక్కోటి 25 ఎంబీ దాకా ఉండేది, చూసుకుని మురిసిపోయేవాణ్ణి. తీరా కొత్త స్పీకర్లు పెట్టాక తాళాల చప్పుడు ఇసక జల్లినట్టు వినిపిస్తుంటే, తప్పు స్పీకర్లదే అనుకుని వాటిని అటూ ఇటూ జరుపుతూ రెండు వారాలు నడుము నొప్పి తెచ్చుకున్నాను. చివరికి ఒక ఫైలుని స్పెక్ అనే, పాటలో ఏ స్థాయి శబ్దం ఎంతుందో రంగుల్లో చూపించే ఉచిత ప్రోగ్రాంలో తెరిస్తే, రంగులన్నీ 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిపెట్టి కోసినట్టు ఆగిపోయాయి, ఆ పైన అంతా నలుపే. 128 కేబీపీఎస్ ఎంపీ3లు మామూలుగా తెగేది అక్కడే. ఎవరో ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి పెట్టారన్నమాట. ఎంపీ3 చేసినప్పుడు సైజు తగ్గించడానికి తీసేసిన శబ్దం పోయినట్టే, తర్వాత ఎంత పెద్ద డబ్బాలో పెట్టినా తిరిగి రాదు. (పాత రికార్డింగుల్లో పైన శబ్దం అసలే తక్కువ, అది మెల్లగా సన్నబడితే కంగారు పడకండి.)

ఒరిజినల్ సీడీలుంటే మీరు అదృష్టవంతులు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాంతో ఫ్లాక్‌లోకి ఎక్కించుకోండి, ఇతరులు అదే సీడీ నుంచి తీసిన కాపీలతో మీది సరిపోయిందో లేదో కూడా చెప్తుంది. సీడీ అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, అంటే శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు, ఒక్కో కొలతకి 16 బిట్లు. ఆ రేటులో సగం, అంటే దాదాపు 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం అందులో పడుతుంది. మన చెవి వినేదే 20 కిలోహెర్ట్జ్ దాకా, నా వయసుకి అంత కూడా ఉండదు! 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని కనిపించగానే ఎగబడక్కర్లేదు.

విండోస్ కంప్యూటర్ నుంచి వింటే ఇంకో చిన్న పని ఉంది. మామూలుగా అది అన్ని శబ్దాలనీ ఒకే రేటుకి మార్చి కలిపి పంపిస్తుంది, పాట మధ్యలో మెయిల్ వచ్చిన టింగుమనే చప్పుడుతో సహా. ఫూబార్ అనే పాటల ప్లేయర్లో వాసాపి ఎక్స్‌క్లూజివ్ (ఆ కలిపే పనిని పక్కనపెట్టే సెట్టింగ్) పెట్టుకుంటే ఫైలు ఉన్నదున్నట్టు డాక్‌కి చేరుతుంది. ఖరీదైన యూఎస్‌బీ కేబుల్ జోలికి మాత్రం పోకండి, పని చేసే మామూలు కేబుల్లోనూ అవే బిట్లు వెళ్తాయి. ఆ డబ్బు స్పీకర్లకి పెట్టండి, వాటిని గోడకి ఆనించకండి. అద్దె అపార్ట్‌మెంట్ అయితే రాత్రుళ్ళు హెడ్‌ఫోన్లే దిక్కు, పక్కింటికి గోడ దాటి వెళ్ళేది బేసే.

ఇంటి దగ్గర్నుంచి ఆంప్లిఫైయర్ మోసుకొచ్చినవాళ్ళు ప్లగ్గు పెట్టే ముందు దాని వెనక వోల్టేజీ ఎంత రాసుందో చదవండి. 230 అని మాత్రమే ఉండి, మీరున్న దేశంలో వచ్చేది 120 అయితే ప్లగ్ అడాప్టర్ పనికిరాదు, అది పిన్నుల ఆకారం మారుస్తుంది కానీ వోల్టేజీని మార్చదు. తగిన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

అన్నట్టు, ఆ డిస్కుకి రెండో కాపీ లేకపోతే సిస్టం సంగతి పక్కనపెట్టి ఇవాళే ఆ కాపీ తీయండి.