వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ ముట్టుకోవచ్చా?

జూలైలో సెలవుకి తిరుపతి వస్తే మా అక్కవాళ్ళ మిద్దె మీద ఒక సభ తప్పదు. మేనల్లుడు, వాడి స్నేహితులు, అందరూ ఆగస్టులో ఫ్లయిటెక్కేవాళ్ళే. పెట్టెల బరువు, పచ్చళ్ళ సంగతి అయ్యాక ఈసారి ఒకడు గొంతు తగ్గించి అడిగాడు: "మామా, టెక్సాస్‌లో సీనియర్లు వీకెండ్ షూటింగ్ రేంజ్‌కి పోతారంట. గన్ అద్దెకిస్తారంట. పోవచ్చా?"

పోవద్దు.

చదువుకి ఇచ్చే ఎఫ్1, ఉద్యోగానికి ఇచ్చే హెచ్1బి, హెచ్1బి వాళ్ళ కుటుంబానికి ఇచ్చే హెచ్4 అన్నీ వలసేతర వీసాలే, అంటే కొంతకాలం ఉండడానికి ఇచ్చేవి. ఆ వీసాల మీద వచ్చినవాళ్ళ దగ్గర తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ ఉండకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. కొంటేనే తప్పనుకోకండి, రేంజ్‌లో అద్దె గన్ చేతిలోకి తీసుకున్నా లెక్కలోకి వస్తుంది. శిక్ష 15 ఏళ్ళ వరకు. 2022కి ముందు అది 10 ఏళ్ళే. పైగా తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు.

మనవాళ్ళు బోల్తా పడేది ఎక్కడంటే, 2021 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్ళు దాటినవాళ్ళు పర్మిట్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. అది విని 'ఇక్కడ అందరికీ ఓకే' అనుకుంటారు. రాష్ట్రం ఊరుకున్నా ఫెడరల్ చట్టం ఊరుకోదు. కౌంటర్‌లో ఎవరూ వీసా అడగలేదని ధైర్యపడి, ఫొటో దిగి ఇన్‌స్టాలో పెడితే మన సాక్ష్యం మనమే ఇచ్చినట్టు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే వీసా వాళ్ళకీ మినహాయింపు ఉంది. కానీ ఒక సెల్ఫీ కోసం, లాయర్‌ని అడక్కుండా దాని మీద ఆధారపడమని నేను చెప్పను.

రూమ్మేట్‌కి సొంత గన్ ఉంటే లాకర్‌లో పెట్టుకోమనండి, తాళంచెవి మీ దగ్గర వద్దు. గ్రీన్ కార్డు వచ్చాక కొనుక్కోవచ్చు. షాపులో కొనేవాళ్ళు నింపాల్సిన 4473 ఫారం, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటాయి.

పలమనేరు దగ్గర మా తాతకి ఒంటిగొట్టం తుపాకీ ఉండేది, పంట కాపలాకి లైసెన్సు. ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పజెప్పి, ఆ రసీదు దేవుడి పటం వెనక దాచేవాడు. మన దగ్గర తుపాకీ సర్కారు దయ. అక్కడ 1791 నుంచి రాజ్యాంగ హక్కు. అందుకే ఏ గడప లోపల ఏముందో తెలియదు. 2023లో కాన్సాస్ సిటీలో 16 ఏళ్ళ కుర్రాడు తమ్ముళ్ళని తీసుకురావడానికి వెళ్ళి పొరపాటున వేరే ఇంటి బెల్ కొడితే, ఆ ఇంటాయన కాల్చాడు. ప్రాణం దక్కింది. చీకటి పడ్డాక అడ్రస్ రెండుసార్లు చూసుకోండి. కారుని పోలీసులు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచండి. కాగితాల కోసం డాష్‌బోర్డులో చెయ్యి పెట్టబోతే ముందు చెప్పి పెట్టండి.

ఇంకొక్కటి, తిరిగొచ్చేటప్పటి సంగతి. ఒకసారి ఊరికి బయల్దేరుతూ స్నేహితుడి బ్యాగు అరువు తెచ్చుకున్నాను. మా ఆవిడ పక్క అరలో సాక్సులు కుక్కుతుంటే ఇత్తడి రంగులో, చిటికెనవేలంత వస్తువు నేల మీద టంగుమని పడింది. తూటా. ఆయన జింకల వేటకి వెళ్ళినప్పటిది. అది మన ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనబడి ఉంటే 1959 ఆయుధాల చట్టం కింద కేసు. మన దేశంలో తుపాకీ లేకుండా ఉత్త తూటా ఉన్నా లైసెన్సు కావాల్సిందే. తెలియక ఉండిపోయిందని తేలినప్పుడు ఇలాంటి కేసులు చాలా వాటిని కోర్టులు కొట్టేశాయి. ఆలోగా సెలవు అయిపోతుంది, తిరుగు టికెట్ పోతుంది. అదే బ్యాగుతో కొండకి పోయుంటే అలిపిరి తనిఖీలో అందరి ముందూ నిలబడేవాణ్ణి.

అరువు బ్యాగయితే ప్రతి జిప్పూ తెరిచి, బోర్లించి దులపండి. లైనింగ్ చిరిగి ఉంటే ఆ సందులో కూడా వేలు పెట్టి చూడండి. మాకు అది దొరికింది అక్కడే.