కరెంటు వచ్చాక డేటాబేస్ కంటే ముందే బిల్లింగ్ మొదలవుతోంది, ఏం చేయాలి?

తిరుపతి బస్టాండు దగ్గరి మీ లాడ్జి సర్వర్లో కరెంటు పోయి వచ్చాక బిల్లింగ్ ఒక్కోసారి పనిచేస్తోంది, ఒక్కోసారి మొరాయిస్తోంది అన్నారు. దయచేసి ‘స్లీప్ 30’ (30 సెకన్లు ఆగమనే ఆదేశం) పెట్టి వదిలేయకండి. డిస్కు చెకింగ్ ఎక్కువసేపు నడిచిన రోజు అదీ చాలదు.

సర్వర్ ఆన్ కాగానే సర్వీసులను మొదలుపెట్టే పాత సిస్టమ్-ఫైవ్ పద్ధతిలో స్క్రిప్టులు పేరులోని అంకెల వరుసలో నడుస్తాయి, అంటే ఎస్20 స్క్రిప్టు ఎస్80 కంటే ముందు నడుస్తుంది. అయితే స్క్రిప్టు ముగిసినంత మాత్రాన డేటాబేస్ కనెక్షన్లు తీసుకోవడానికి సిద్ధమైనట్టు కాదు. రేస్ (ఏది ముందు సిద్ధమవుతుందో తెలియని పోటీ) పుట్టేది సరిగ్గా ఈ సందులోనే.

సిస్టమ్‌డీ అనే కొత్త పద్ధతిలో చాలామంది బిల్లింగ్ యూనిట్ (సర్వీసు సెట్టింగుల ఫైలు)లో ‘రిక్వైర్స్’ (డేటాబేస్ తప్పక కావాలి) ఒక్కటే రాస్తారు. దాంతో రెండూ ఒకేసారి మొదలవుతాయి! వరుస కావాలంటే ‘ఆఫ్టర్’ (దాని తర్వాతే) కూడా ఉండాలి. డేటాబేస్‌కు ‘టైప్=నోటిఫై’ సపోర్ట్ ఉంటే వాడండి, అది రెడీ అని చెప్పేదాకా బిల్లింగ్ ఆగుతుంది. లేకపోతే బిల్లింగ్ యూనిట్‌లోని ‘ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ’ (బిల్లింగ్ కంటే ముందు నడిచే ఆదేశం)లో, డేటాబేస్ జవాబిచ్చేదాకా అడుగుతూ ఉండే చిన్న లూప్ పెట్టండి.