టేపు మా అటక మీదే ఉంది, రికార్డు మేమే వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం. మా మేనమామ లండన్లో ఒక యాసిడ్ జాజ్ (జాజ్‌కి ఫంక్, డ్యాన్సు బీట్లు కలిపిన సంగీతం) బ్యాండులో వయొలిన్ వాయించేవారు, 1993లో ఒక చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) వాళ్ల ఎల్పీ వేసింది, తర్వాత ఆ కంపెనీ మూతపడింది. మామయ్య కిందటేడు పోయారు, మాస్టర్ టేపు, అంటే రికార్డింగ్ అసలు టేపు, మా ఇంట్లో ఉంది. ఇప్పుడు ఈ మ్యూజిక్‌కి మళ్లీ గిరాకీ వచ్చింది కదా, నేను మళ్లీ ఎల్పీ వేసి యూట్యూబ్‌లో పెట్టొచ్చా?

జవాబు: అదే రకం పాటల బ్యాండు జమీరోక్వాయ్ క్యాసెట్ అరగదీసినవాణ్ణి కాబట్టి మీ ఉత్తరం చూసి భలే సరదా వేసింది గానండి, టేపు మీ దగ్గరుంటే పాట మీదైపోదు. పక్కింటోడి పొలం దస్తావేజు మన బీరువాలో ఉంటే పొలం మనదవుద్దేటి?

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ హక్కు ప్రొడ్యూసర్ది, అంటే మామూలుగా ఆ లేబుల్ది, మీ ఎల్పీకి 2053 డిసెంబరు 31 దాకా ఉంటుంది, బ్రిటన్లో ఇంకో పదేళ్లు ఎక్కువ. బాణీలది వేరే లెక్క, కట్టినాయన పోయాక కూడా 60 ఏళ్లు.

కంపెనీ పోతే హక్కులూ పోయాయనుకుంటారు అందరూ, అక్కడే దెబ్బతింటారు. బ్రిటన్లో కంపెనీని రిజిస్టరు నుంచి కొట్టేస్తే మిగిలిన ఆస్తి, కాపీరైటుతో సహా, అక్కడి రాజ్యానికి పోతుంది, బోనా వెకేన్షియా అంటారు. ముందే ఇంకెవరికైనా అమ్మేసి ఉండొచ్చు కూడా. అందుకని ఎల్పీ మీద గుండ్రంలో పీ అక్షరం (రికార్డింగ్ హక్కు గుర్తు) పక్కన ఏ పేరుందో చూసి బ్రిటన్ కంపెనీల రిజిస్టరు ఆఫీసు కంపెనీస్ హౌస్ సైట్లో కొట్టండి, ఫ్రీయే. తర్వాత మామయ్య పెట్టెలో అగ్రిమెంటు వెతకండి, రికార్డు మార్కెట్లో లేకపోతే ఇన్నేళ్లకి హక్కులు బ్యాండుకి తిరిగొస్తాయని ఒక్క లైను దొరికితే మీ పంట పండినట్టే.

అప్పుడు కూడా మామయ్య వాటా అత్తయ్యకీ పిల్లలకీ వెళ్తుంది, వీలునామా ఉంటే తప్ప మేనల్లుడికి రాదు. వాట్సాప్‌లో "కానీరా" అని వాళ్లంటే చాలదు, మన చట్టం సెక్షన్ 19 ప్రకారం సంతకంతో కాగితం కావాలి, అందులో గడువు, దేశాలు రాయకపోతే 5 ఏళ్లు, ఇండియా వరకే అని లెక్కేస్తారు. మీ ఎల్పీ కొనేవాళ్లేమో లండన్లోనో టోక్యోలోనో ఉంటారు!

ఇంకోటి, ఈ బ్యాండ్లలో చాలామంది పాత ఫంక్ రికార్డుల డ్రమ్ము ముక్క కోసి, దాన్నే మళ్లీ మళ్లీ తిప్పి లూప్ చేసేవారు, మీ టేపులో అలాంటిది వినిపిస్తే దానికి విడిగా పర్మిషన్ కావాలి.

ఇవేవీ చూడకుండా అమ్మితే అదే చట్టం సెక్షన్ 63, ఆర్నెల్ల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. మీ వరకు ఇంట్లో వినడానికి డిజిటల్ చేసుకోండి, దానికి అడ్డు లేదు. ముందు ఆ టేపు అటక దించండి, వేడికి పాడైపోతే ఇదంతా దేనికి.