చైనాలో దానధర్మాలు

ప్రశ్న: మన పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సేవాకార్యక్రమాలకు ఖర్చు చేయాలి కదా, చైనాలోనూ అలాంటి నిర్బంధం ఉందా? సామాన్యులూ దానం చేస్తారా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాదు

జవాబు: అటువంటి నిర్బంధం అక్కడ లేదు. 2016 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన దాతృత్వ చట్టం విరాళాల సేకరణకు నియమాలు పెట్టింది. కంపెనీలకు వార్షిక లాభంలో 12 శాతం దాకా విరాళాలపై పన్ను మినహాయింపు ఉంది. అయితే చట్టం అడగకపోయినా ప్రభుత్వం మనసెరిగి ఇవ్వడం ఉంది: 2021లో సంపద అందరికీ అందాలనే ప్రభుత్వ నినాదం ‘ఉమ్మడి సంపద’ ఊపందుకోగానే అక్కడి ఇంటర్నెట్ కంపెనీ టెన్సెంట్ 5,000 కోట్ల యువాన్లు ప్రకటించింది, దాన్ని కేవలం ధర్మబుద్ధి అనడానికి నాకు మనసొప్పదు.

సామాన్యుల దానం వేరు. 2015లో అదే సంస్థ మొదలుపెట్టిన సెప్టెంబరు 9 విరాళాల పండుగకు ఫోనులోనే ఒకటి రెండు యువాన్లు పంపేవారు ఎందరో. పల్లెల్లో గుడికో, పూర్వీకులను కొలిచే వంశమందిరానికో ఇచ్చినవారి పేర్లను, ఎంతిచ్చారో సహా, రాతిపలక మీద చెక్కిస్తారు. మన గుళ్లలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయించినట్టే.