ఒంటరిగా నల్లమల ఘాట్ ఎక్కి, తిరుగుదారిలో మాదిపాడు బల్లకట్టు మీద కృష్ణ దాటి విజయవాడ రావచ్చా?

నిక్షేపంగా రావచ్చు. మీరు రెండు సంగతులు అడిగారు. కారులో ఒక్కరే శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగడం క్షేమమేనా అన్నది ఒకటి. బండ్లను నది దాటించే బల్లకట్టు మీద కారు ఎక్కించాలంటే టెన్షన్‌గా ఉంది, ఎలా అన్నది రెండోది. నాది గుంటూరు. ఈ దారంటే నాకు ప్రాణం, చిన్న కారులో ఒంటరిగానే తిరుగుతుంటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు టైము సంగతి చూసుకోండి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లోకి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. అది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. రాత్రిపూట రోడ్డు జంతువులది. ఇటు చీకటి పడితే బల్లకట్టు ఆపేస్తారు. పక్కన ఇంకో మనిషి ఉంటే దారి మూసేసినా ఏదో ఒకటి ఆలోచించుకోవచ్చు. ఒక్కరే ఉన్నప్పుడు అలసట మీద ఆలోచన సాగదు. అందుకని వెళ్లే రోజు మధ్యాహ్నానికల్లా దోర్నాల, వచ్చే రోజు సాయంత్రం నాలుగు లోపు మాదిపాడు, ఈ రెండూ ముందే ఖాయం చేసుకుని మిగతా ప్లాన్ వాటి చుట్టూ వేసుకోండి.

వెళ్లేటప్పుడు గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం మీదుగా దోర్నాల. త్రిపురాంతకాన్ని శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు, గుట్ట మీది గుడి దగ్గర ఒక అరగంట కూర్చుంటే నడుం సర్దుకుంటుంది. పెట్రోలు, మంచినీళ్లు దోర్నాలలోనే చూసుకోండి. అక్కడి నుంచి పైకి 50 కిలోమీటర్ల దాకా అడవే, చాలా చోట్ల ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. చెక్‌పోస్టు దగ్గరే ఇంటికి ఫోన్ చేసి, పైకి చేరాక మళ్లీ చేస్తానని చెప్పండి. ఆ రెండు గంటలు వాళ్లు కంగారు పడకుండా ఉంటారు.

ఘాట్‌లో నేను గట్టిగా చెప్పేది ఒకటే, దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేయొద్దు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఊరికే బ్రేకు తొక్కుతూ ఉంటే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. మలుపు ముందు హారన్ కొట్టండి, ఎక్కే బండికి దారివ్వండి. కోతులకు తిండి పెట్టడానికి ఆగొద్దు. ఆగిన కార్లను చూసి కోతులు రోడ్డు మీదికి రావడం అలవాటైపోయింది, వాటిలో కొన్ని బండ్ల కింద పడి చచ్చిపోతున్నాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. శివరాత్రి రోజుల్లోనూ, ఉగాది ముందూ వెళ్లకండి. ఉగాదికి కర్ణాటక నుంచి భక్తులు వేల మంది నడిచి వస్తారు, ఘాట్ అంతా జనమే.

శ్రీశైలంలో ఒంటరి మనిషికి గది దొరకడం కొంచెం కష్టం. సత్రాల్లో ఒక్కరే వచ్చామంటే వెనకాడతారు. నాకు ఒకచోట ఆధార్ చూపించినా కుదరలేదు, ఇంట్లోవాళ్లతో ఫోన్‌లో మాట్లాడించాక గానీ తాళం చెవి ఇవ్వలేదు. వాళ్ల భయం వాళ్లది, కోపం తెచ్చుకుని లాభం లేదు. బయల్దేరేముందే ఫోన్ చేసి, ఒక్కరినే వస్తున్నానని స్పష్టంగా చెప్పి గది మాట్లాడుకోండి.

పొద్దున్నే గేటు తీయగానే దిగితే, దోర్నాల నుంచి యర్రగొండపాలెం మీదుగా మాచర్ల. ఈ రోడ్డు గురించి ఎవరూ చెప్పరు గానీ, నాకు ఘాట్ కంటే ఇదే ఇష్టం. నల్లమల అంచు వెంట చాలా దూరం వెళ్తాం, కొండలు నెమ్మదిగా వెనక్కి తగ్గుతూ పల్నాడు నేల మొదలవుతుంది. ఫిబ్రవరి, మార్చిలో అయితే కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి, కారు అద్దాలు దించితే ఘాటు తెలుస్తుంది. గురజాల దాటాక దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు సిమెంటు లారీలూ, సున్నపు బట్టీల దుమ్మూ. అక్కడ ఓపిగ్గా నడపండి. తర్వాత బెల్లంకొండ, క్రోసూరు, అచ్చంపేట, మాదిపాడు.

అచ్చంపేటలో టీ తాగుతూ "అన్నా, బల్లకట్టు తిరుగుతోందా?" అని అడగండి. మ్యాప్ చూపించే దారిని నమ్ముకోవద్దు. పైన పులిచింతల డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే బల్లకట్టు ఆపేస్తారు, ఆ కబురు అక్కడి వాళ్లకు ముందే తెలుస్తుంది.

రేవుకి వెళ్లగానే కారు దించకండి. నడిచి వెళ్లి, మీ ముందు ఒక కారు ఎలా ఎక్కుతోందో చూడండి. ఒడ్డు నుంచి బల్లకట్టు మీదికి వేసిన పలకల దగ్గరే కొందరు కంగారు పడి మధ్యలో ఆపుతారు. ఫస్ట్ గేరులో, క్లచ్ మీద ఆడకుండా, ఆగకుండా ఎక్కించాలి. ముందు నిలబడ్డ మనిషి చెయ్యి ఎటు చూపిస్తే అటు తిప్పండి, రోజూ చేసే పని కాబట్టి వాళ్ల లెక్క తప్పదు. ఎక్కాక ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, టైరు కింద రాయి పెట్టమనండి. తర్వాత కారు దిగి బయట నిలబడాలి, ఎండ అయినా సరే. లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. ఎవరూ వేసుకోలేదని సిగ్గుపడొద్దు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర ఇదే కృష్ణలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. బల్లకట్టు మీద లారీలు కిక్కిరిసి ఉన్నాయనిపిస్తే తర్వాతి దానికి ఆగండి. వానపడి ఒడ్డు బురదగా ఉంటే అసలు దిగొద్దు.

అవతల ఒడ్డు ముక్త్యాల. నాగార్జునసాగర్ ప్రాజెక్టు కోసం ఏళ్ల తరబడి పోరాడిన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారి ఊరు. 1955 డిసెంబరులో నెహ్రూ సాగర్‌కి శంకుస్థాపన చేశారంటే దాని వెనక ఆయన కష్టం చాలా ఉంది. ఆ నీటితో పండిన పల్నాడు పొలాలన్నీ చూసుకుంటూ వచ్చి ఆయన ఊళ్లో దిగుతాం కాబట్టి, నేనైతే వెంటనే కారు ఎక్కను. ఒడ్డునే ముక్తేశ్వరాలయం ఉంది, వెళ్లి ఒక దణ్ణం పెట్టుకోండి. అక్కడి నుంచి జగ్గయ్యపేట దగ్గరే, హైవే ఎక్కితే నందిగామ మీదుగా విజయవాడ 75 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

బల్లకట్టు లేదంటే అచ్చంపేట నుంచే అమరావతి వైపు తిరగండి. తుళ్లూరు మీదుగా వెలుతురు ఉండగానే ప్రకాశం బ్యారేజీ చేరుకోవచ్చు.