బ్రాకెట్లు అయిపోయిన పుస్తకం

చిరంజీవి బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు ఉద్యోగం మానేసి ఏదో అమెరికా నవల తెలుగు చేస్తుందట. చిన్నప్పుడు దాని బుర్ర పాడుచేసింది నువ్వే, ఇప్పుడు నువ్వే చెప్పుకో" అని నా మీద పడింది. ఏ నవలే అంటే పేరు చెప్పలేకపోయింది. "అదే, నువ్వు అచ్చేయించి అటకెక్కించావే, అదే" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మీ అత్తయ్య వచ్చి, బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది.

హెమింగ్వే ముసలాయన చేప కథ ఉందిగా, చిన్న పుస్తకం. స్టైన్‌బెక్ 'గ్రేప్స్ ఆఫ్ రాత్' ఉంది, భూమి పోయిన కౌలు రైతుల గోడు, మనవాళ్ళకి వెంటనే తగులుతుంది. అవన్నీ వదిలేసి ఫాక్‌నర్ 'ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ' మీదే పడ్డావు. భయమేసింది. నిజం చెప్పొద్దూ, మీసం మీదికి చెయ్యి కూడా వెళ్ళింది.

ముందు పొడి సంగతులు. హక్కుల గొడవ లేదు. ఆయన 1962లో పోయాడు, మన చట్టం పెట్టిన 60 ఏళ్ళు 2022తో తీరిపోయాయి. మూలం కొనేటప్పుడు నోయెల్ పోక్ సరిదిద్దిన 1984 నాటి పాఠం చూసి కొను. రాసింది రాసినట్టు రెండు చోట్ల దాచు, ఒక కాపీ మీ ఇంట్లో కాకుండా ఇంకెక్కడైనా ఉండాలి. చెదల సంగతి నీకు తెలియదు.

ఉద్యోగం మాత్రం మానకు. ఫాక్‌నర్ దీని తర్వాతి నవల 'యాజ్ ఐ లే డైయింగ్' రాసింది మిసిసిపీ యూనివర్సిటీ పవర్‌హౌస్‌లో రాత్రి డ్యూటీ చేస్తూ. నీవీ రాత్రి డ్యూటీలే కదా. అంతకుముందు ఆయన పోస్టుమాస్టరుగా ఉండి, జనం ఉత్తరాలు పట్టించుకోక ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడనుకో, ఆ ముక్క మీ అమ్మకి చెప్పకు. ఈ నవల 1929 అక్టోబర్‌లో వచ్చినప్పుడు వేసింది 1,789 కాపీలు. దాంతో ఇల్లు గడవలేదు. నీకూ గడవదు.

ఇక నా తప్పు సంగతి. ఇదే నవల ఒకప్పుడు నేనూ తెలుగు చేసి అచ్చేయించాను కదా, అది. ఇన్నేళ్ళూ అది అటక మీదుంది కాబట్టి ఎవరికీ చెప్పే అవసరం రాలేదు.

1982 వేసవి సెలవుల్లో హైదరాబాద్ వెళ్ళి విద్యానగర్‌లో మా పిన్ని ఇంట్లో దిగాను. ఉస్మానియా క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ఉండేది, 1964లో పెట్టినది. మా కాలేజీ బీరువాలో గైడ్లు తప్ప ఏమీ చూడని నాకు ఆ లైబ్రరీ దేవలోకం. నెలరోజులు కూర్చుని మొదటి భాగం మీద దొరికిన వ్యాసాలన్నీ నోట్సు రాసుకున్నాను. ఆ భాగం 1928 ఏప్రిల్ 7న నడుస్తుంది. ఆ భాగం చెప్పే బెంజీకి ఆ రోజుతో 33 ఏళ్ళు నిండాయి, మాట రాదు. ఈ క్షణమూ పాతికేళ్ళ కిందటిదీ వాడికి ఒకటే. ఏ వాక్యం ఏ సంవత్సరానిదో పండితులు లెక్కగట్టి పెట్టారు. ఆ లెక్క నా చేతిలో పడింది, కొంప మునిగింది.

మూలంలో కాలం మారే చోట్లు చాలావరకు ఇటాలిక్స్‌లో ఉంటాయి. గుంటూరులో నేను పట్టుకున్న ప్రెస్సులో వాలు అక్షరాలు లేవు. పోనీ బ్రాకెట్లు పెడదాం అనుకున్నాను. పెట్టాక, లోపల ఒక ముక్క రాస్తే పాఠకుడికి సుళువు కదా అనిపించింది. (ఇది చిన్ననాటి సంగతి), (ఇక్కడ క్వెంటిన్ అంటే అన్న), (ఇక్కడ క్వెంటిన్ అంటే మేనకోడలు)... రాసుకుంటూ పోయాను. మూడో ఫారం, అంటే ఒక్కసారి అచ్చయ్యే పేజీల కట్ట, దగ్గర అక్షరాలు పేర్చే కంపోజిటర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "కేసులో బ్రాకెట్లు అయిపోయాయి మాస్టారూ. ముందు ఫారం అచ్చయి టైపు విప్పితే గానీ మళ్ళీ రావు. ఇంతకీ ఇది కథా, లెక్కల పుస్తకమా?" నవ్వేసి, మిగతాచోట్ల గీతలు పెట్టమన్నాను.

పేరు 'వెర్రివాడి కథ' అని పెట్టాను. అసలు పేరు కూడా షేక్‌స్పియర్ మాక్‌బెత్‌లో ఆ మాటల పక్కనుంచి తీసుకున్నదే కదా అని సమర్థించుకున్నాను కూడా. 300 కాపీలు. స్టాఫ్‌రూములో అందరూ "ఎంత బాగా అర్థమైందండీ" అన్నారు. పొంగిపోయాను. బెంజీ ఎందుకు ఏడుస్తున్నాడని ఒక్కరూ అడగలేదు. నేనే ముందుగా చెప్పేశానుగా, ఇంకెందుకు అడుగుతారు.

తర్వాత చాలా ఏళ్ళకి, ఎం.ఏ. క్లాసులో మొదటి పేజీ చెబుతున్నాను. కంచెకి అవతల గోల్ఫ్ ఆడేవాళ్ళు కర్రలు మోసే కుర్రాణ్ణి 'క్యాడీ' అని పిలుస్తారు, ఇవతల బెంజీ ఏడుపు అందుకుంటాడు. వాడి అక్క పేరు క్యాడీ. ఆ ఇంట్లో ఇప్పుడా పేరు ఎత్తకూడదు. ఆ గోల్ఫ్ మైదానం ఒకప్పుడు వీళ్ళ పచ్చికబయలే. అన్న హార్వర్డ్ చదువుకనీ, అక్క పెళ్ళికనీ అమ్మేశారు. ఇంగ్లీషులో రెండు మాటలకీ స్పెల్లింగు వేరు, కన్ను పసిగట్టేస్తుంది. పిల్లలకి చూపిద్దామని ఆ రెండు మాటలూ తెలుగులో రాశాను. క్యాడీ, క్యాడీ. సుద్దముక్క పట్టుకుని అలా నిలబడిపోయాను. తెలుగులో రెండూ ఒకటే, బుజ్జీ! బెంజీ చెవిలో పడ్డట్టే చదివేవాడికీ పడుతుంది. ఫాక్‌నర్‌కి కూడా దొరకని సౌకర్యం మన లిపి అప్పనంగా ఇస్తోంది. నేనేం చేశాను? "ఓయ్, గోల్ఫ్ కర్రలు మోసే అబ్బాయీ" అని రాశాను. పక్కన బ్రాకెట్లో (అక్క పేరుకీ ఈ మాటకీ పోలిక ఉంది). ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాపీలన్నీ అటకెక్కించాను.

నాకంటే ముందే ఒకడు ఈ పని చేయబోయాడు. బెన్ వాసన్ అని ఫాక్‌నర్ స్నేహితుడే, పుస్తకం ఎడిట్ చేస్తూ ఇటాలిక్స్ తీసేసి పేరాల మధ్య ఖాళీలు పెట్టాడు, చదివేవాళ్ళకి తేలికని. ఫాక్‌నర్ మండిపడి అన్నీ మళ్ళీ పెట్టించాడు. రంగురంగుల సిరాల్లో అచ్చు వేస్తే బాగుండునని ఆయన కోరిక. ఆ రోజుల్లో కుదరలేదు, 2012లో లండన్ ఫోలియో సొసైటీ వాళ్ళు 14 రంగుల్లో వేశారు. రంగులు అడిగాడు గానీ తారీఖులు వేయమనలేదు, గమనించు. ఆయనే రాసిన కుటుంబ చరిత్ర అనుబంధం ఉంది, 1946లో అచ్చయింది, దాన్ని ముందు పెట్టకు. చివరైనా వద్దంటాను, నీ ఇష్టం.

క్వెంటిన్‌లు ఇద్దరున్నారని కంగారు పడకు. మేనమామకీ మేనకోడలికీ ఒకే పేరు. "క్వెంటిన్ అన్నాడు", "క్వెంటిన్ అంది" అంటే చాలు, మన క్రియే చెప్పేస్తుంది. మూలంలో ఉన్న తికమక కొంత పోతుంది, పోనీ.

నాకు అన్నిటికన్నా భయం డిల్సీ. ఆ ఇంటిని మోసే నల్లజాతి మనిషి. ఆమె మాటలకి మన వాడలో యాస పెట్టి, ఆ ఇంటివాళ్ళు కాంప్సన్లకి కాలేజీ తెలుగు పెడితే, ఇక్కడి ఎక్కువతక్కువలన్నీ తీసుకెళ్ళి మిసిసిపీలో దింపినట్టవుతుంది. సుళువైన దారి కాబట్టే చెయ్యి అటే పోతుంది. నాదీ పోయింది. ఆమె తెలుగు ఎలా ఉండాలో నాకు ఇప్పటికీ తేలలేదు. నల్లజాతి రచయిత్రి టోనీ మారిసన్ 1955లో కార్నెల్‌లో ఎం.ఏ. థీసిస్ రాసింది ఫాక్‌నర్, వర్జీనియా వుల్ఫ్‌ల మీద. డిల్సీ దగ్గరికి వచ్చేముందు మారిసన్ 'బిలవెడ్' ఒకసారి చదివి రా. వంటింట్లో ఉన్న మనిషి తన కథ తను చెప్పుకుంటే ఎలా వినిపిస్తుందో చెవికి పడుతుంది.

నా పుస్తకం పంపమన్నావట. పంపకూడదనే అనుకున్నాను. మొన్న రాత్రి అటక మీంచి ఒక కాపీ దింపించి, పెన్సిల్ తీసుకుని బ్రాకెట్లు కొట్టేయడం మొదలుపెట్టాను. 31వ పేజీ దాకా వచ్చేసరికి కళ్ళు మొరాయించాయి. మీ నాన్న ఈ నెలాఖరుకి ఇటు వస్తానన్నాడు, ఆయన చేతికిచ్చి పంపుతాను. మిగతావి నువ్వు కొట్టేసుకో.

మీ మామయ్య